చూపు తగ్గిన పెద్దవాళ్ల చేతిలో పని లాక్కోకండి

పలమనేరులో ఉండే మీ అమ్మగారికి మాక్యులర్ డీజెనరేషన్ అని చెప్పి, "వయసుతో వచ్చేదే, ఏం చేయలేం" అని ఇంటికి పంపేశారని రాశారు. చూపు పూర్తిగా పోతుందా, ఇంట్లో ఎట్లా చూసుకోవాలి అని అడిగారు. మా నాయనకూ ఇదే జబ్బు. తిరుపతిలో మాతోనే ఉంటాడు.

ముందు మీ భయం సంగతి. ఈ జబ్బు ఒక్కటే అయితే మనిషి కటిక చీకట్లోకి పోడు. కంటి వెనక వెలుతురును పట్టే రెటీనా అనే పొర ఉంటుంది, దాని నడుమ మాక్యులా అనే చిన్న భాగం. అక్షరాలు చదవాలన్నా, ముఖం పోల్చుకోవాలన్నా, సూదిలో దారం ఎక్కించాలన్నా అదే కావాలి. దెబ్బ తగిలేది దానికే, చుట్టుపక్కల చూపు మిగులుతుంది. అందుకే మా నాయన పొద్దున్నే ఒంటరిగా గోవిందరాజస్వామి గుడికి నడిచిపోయి వస్తాడు, కానీ ఎదురుగా నిలబడినవాళ్లు ఎవరో పోల్చుకోలేడు.

చుట్టాలకు ఇది అర్థం కాదు. "గుడికి పోయేదానికి కండ్లు కనబడతాయి, నేను మాత్రం కనబడనా?" అని ఒకాయన మొహం మాడ్చుకున్నాడు. ఆయన బాధా నిజమే, మా నాయన బాధా నిజమే. అప్పట్నుంచి వచ్చేవాళ్లందరికీ చెబుతున్నాం: దగ్గరికి రాగానే మీ పేరు చెప్పండి, "నేనెవరో చెప్పుకో చూద్దాం" అని పరీక్ష పెట్టొద్దు. ఇంకో కిటుకు కూడా ఉంది. సూటిగా కాకుండా ఎదుటివాళ్ల చెవి వైపు చూస్తే, మిగిలిన చూపులో ముఖం కాస్త తెలుస్తుంది. ఎవరికి ఏ పక్క బాగా కనబడుతుందో వాళ్లే వెతుక్కోవాలి, అభ్యాసం కావాలి.

"ఏం చేయలేం" అన్న మాటను మాత్రం అట్లాగే నమ్మకండి. ఇందులో డ్రై, వెట్ అని రెండు రకాలు. ఎక్కువమందికి డ్రై, అది మెల్లగా ముదురుతుంది. వెట్ రకంలో రెటీనా కింద పిచ్చి రక్తనాళాలు పుట్టి కారుతాయి, చూపు వారాల్లోనే పడిపోవచ్చు. దానికి కంట్లోకే ఇచ్చే ఇంజెక్షన్లు ఉన్నాయి. మొదట్లో నెలకొకటి, తర్వాత దూరం పెంచుతారు. పోయినదంతా తిరిగి రాకపోయినా, ఉన్నది నిలబెట్టడానికి ఇంతకు మించిన దారి లేదు. కంట్లో సూది అనగానే మా ఇంట్లో అందరికీ గుండె జారింది. మొద్దుబారే చుక్కలు వేస్తారు, సూది పని క్షణాల్లో అయిపోతుంది. ఇంటికొచ్చాక కంట్లో నొప్పి, ఎరుపు పెరిగి చూపు తగ్గితే మాత్రం తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి పోవాలి.

డ్రై ఏ రోజైనా వెట్‌గా మారొచ్చు. కనిపెట్టడానికి ఇంట్లో కిటికీ చాలు. కళ్లద్దాలు ఉంటే పెట్టించి, ఒక కన్ను మూయించి కిటికీ కమ్మీలు చూడమనండి, తర్వాత రెండో కన్ను. రెండూ తెరిచి చూస్తే బాగున్న కన్ను చెడ్డదాన్ని కప్పేస్తుంది. కమ్మీ కొత్తగా వంకర పోయినా, మధ్యలో తెగినట్టు కనబడినా వెంటనే రెటీనా డాక్టరు దగ్గరికి పోండి. మీకు రాయవేలూరు (వెల్లూరు) దగ్గరే, అక్కడ సీఎంసీ (క్రిస్టియన్ మెడికల్ కాలేజీ) వాళ్ల షెల్ కంటి ఆసుపత్రి ఉంది. తిరుపతిలో అరవింద్ కంటి ఆసుపత్రి ఉంది.

ఇంకొకటి ఎవరూ ముందుగా చెప్పరు. ఒక సాయంత్రం నాయన, "గోడ మీద పిలకాయలు కూర్చోనుండారే, ఎవరింటోళ్లు?" అన్నాడు. గోడ మీద ఎవరూ లేరు. మనిషి మాత్రం తెలివిగానే ఉన్నాడు, లెక్కలన్నీ సరిగ్గా చెబుతున్నాడు. గాలి సోకిందని, తాయెత్తు కట్టించమని చుట్టాలు ఒకటే పోరు. డాక్టరును అడిగితే దీన్ని చార్లెస్ బోనెట్ సిండ్రోమ్ అంటారన్నారు. ఆ పేరుగల స్విస్ శాస్త్రవేత్త 1760లోనే తన తాతకు ఇట్లా బొమ్మలు కనబడడం గురించి రాశాడట. కంటి నుంచి రావాల్సింది రాకపోతే మెదడే బొమ్మలు కల్పించుకుంటుంది. ఇది పిచ్చి కాదు. లైటు వేసినా, చూపు అటూ ఇటూ తిప్పినా చాలాసార్లు చెదిరిపోతాయి. ఆ మాట విన్నాక నాయన ఎంత తేలికపడ్డాడో! పిచ్చెక్కుతోందేమోనని లోలోపల వణికిపోయాడంట పాపం. మీ అమ్మగారు కూడా ఏదైనా దాచుకుంటున్నారేమో, మీరే మెల్లగా అడగండి. కనబడేవి నిజమేనని వాదిస్తున్నా, తికమక పడుతున్నా అది వేరే సంగతి, డాక్టరుకు చెప్పాలి.

ఇక పని. మాది చిల్లర కొట్టు. ఇంట్లో కూర్చోబెడదామని అందరూ అన్నారు, అమ్మ ఒప్పుకోలేదు. ఈరోజుకీ గల్లాపెట్టె దగ్గర నాయనే, నోట్లను చేత్తో తడిమి పోల్చుకుంటాడు. కొత్త నోట్లలో విలువ పెరిగేకొద్దీ పొడవు పెరుగుతుంది. అంచుల్లో ఉబ్బెత్తు గీతలు వందకు నాలుగు, ఐదువందలకు ఐదు. రెండువందలకూ నాలుగే, కానీ వాటి నడుమ రెండు సున్నాలుంటాయి. నలిగిన నోటుకు గీతలు చేతికి తగలవు, అప్పుడు పక్కనున్నవాళ్లను అడుగుతాడు. రిజర్వు బ్యాంకు మణి యాప్ ఫోన్లో నోటు చూసి విలువ పలుకుతుంది.

అమ్మగారిని వంటింట్లోంచి పంపేయకండి. స్టవ్ నాబ్ ఆపే చోట రంగు టేపు అంటించండి, కూరగాయలు తరిగే చోట భుజం వెనక నుంచి మంచి వెలుతురు పడేటట్టు చూడండి. స్టీలు కంచంలో తెల్లన్నం కలిసిపోతుంది, అరిటాకులో అయితే మెతుకు మెతుకూ తెలుస్తుంది. రాగిసంగటికి తెల్ల పళ్లెం పెట్టండి.

మాత్రల గురించి కూడా అడిగారు. లూటిన్, జింక్ ఉండే విటమిన్ మాత్రలు మధ్య దశలో ఉన్నవాళ్లకు జబ్బు ముదరడాన్ని నెమ్మదింపజేస్తాయి, అంతే. పోయిన చూపును తేవు. డాక్టరు రాస్తేనే వాడండి. పొగ తాగేవాళ్లు, మానేసినవాళ్లు బీటా కెరోటిన్ ఉన్నవి అసలే వద్దు. చుక్కల మందుతో నయం చేస్తామనేవాళ్లకు రూపాయి కూడా ఇవ్వకండి.

ముందు అమ్మగారి కంటి స్కాన్ రిపోర్టు తీసి, ఏ కంటికి డ్రై, ఏ కంటికి వెట్ అని రాశారో చూడండి. వెట్ అని ఉంటే వచ్చే నెలకు వాయిదా వేయకుండా ఈ వారమే బయలుదేరండి.