ప్లస్సా మైనస్సా ఒక్కటే చాలదమ్మా

కావలి

చి. లలితకు పెదనాన్న ఆశీస్సులు.

కల్పాక్కం అణుకేంద్రంలో ట్రైనింగుకు వెళ్తున్నావని మీ నాన్న చెప్పాడు. చాలా సంతోషమమ్మా. రియాక్టర్ స్టెబిలిటీ పాఠమంటే టెన్షన్‌గా ఉందన్నావట. ఫీడ్‌బ్యాక్ అంటే పవర్ మారినప్పుడు తిరిగి పవర్ మీదే పడే ప్రభావం; ఆ మార్పును ఇంకా పెంచితే ప్లస్, అడ్డుకుంటే మైనస్. అది ప్లస్సా మైనస్సా అని బట్టీ పట్టి ఊరుకోకు. ఎంతసేపటికి పనిచేస్తుంది, ఏ పవర్ దగ్గర పనిచేస్తుంది అని కూడా అడుగు.

ఇంధనం వేడెక్కితే యురేనియం-238 న్యూట్రాన్లను ఎక్కువగా మింగి పవర్‌ను తగ్గిస్తుంది. వేడి పుట్టేది ఇంధనంలోనే కాబట్టి ఈ డాప్లర్ ప్రభావం అప్పటికప్పుడే అడ్డుపడుతుంది. అదే వేడి నీళ్లకు చేరడానికి కొన్ని సెకన్లు పడుతుంది. రియాక్టర్లో పుట్టి న్యూట్రాన్లను మింగే జీనాన్ వాయువు లెక్క గంటల్లో ఉంటుంది.

మైనస్ అయితే ఇక భయం లేదనుకుంటారు చాలామంది. 1988 మార్చి 9న అమెరికాలో లాసాల్ బాయిలింగ్ వాటర్ రియాక్టర్‌లో ఏమైందో చదువు. అందులో ఆవిరి బుడగలు పెరిగితే పవర్ తగ్గుతుంది, అంటే మైనస్సే. నీళ్లను రియాక్టర్లో తిప్పే రెండు రీసర్క్యులేషన్ పంపులూ ఆగి ప్రవాహం తగ్గాక ఆ మైనస్సే ఆలస్యంగా అందసాగింది. పవర్ కొద్ది సెకన్లకోసారి లేస్తూ పడుతూ, ఊపు పెరిగిపోయి, చివరికి రియాక్టర్ దానంతటదే ట్రిప్ అయి ఆగిపోయింది. సోమశిలలో గేట్లెత్తిన వెంటనే నెల్లూరు ఆనకట్టకు నీళ్లు రావు కదా. రాలేదని ఇంకాస్త ఎత్తితే, ఆనక అన్నీ ఒక్కసారే మీద పడతాయి. కంగారుపడి బాగా దించేస్తే మళ్లీ కొరతే. ఇదీ అంతే.

చెర్నోబిల్ ఇంకో రకం. అక్కడ ఆవిరి బుడగలు పెరిగితే పవర్ పెరుగుతుంది, అంటే బుడగలది ప్లస్సు. ఎక్కువ పవర్‌లో ఆ రియాక్టర్ మొత్తమ్మీద మైనస్‌లోనే ఉండేది. 1986 ఏప్రిల్ 26న అర్ధరాత్రి దాటాక, 200 మెగావాట్ల థర్మల్ పవర్ దగ్గర, బుడగల ప్లస్సు డాప్లర్ మైనస్‌ను మించిపోయింది. న్యూట్రాన్లను మింగే కంట్రోల్ రాడ్లు చాలావరకు అప్పటికే బయటికి లాగేసి ఉన్నాయి. ఆ రాత్రి డ్యూటీలో ఉన్నవాళ్లను తలుచుకుంటే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది. ఎవరు ఏ కోఎఫిషెంట్ (ఫీడ్‌బ్యాక్ ఎంతో చెప్పే అంకె) చెప్పినా "ఏ పవర్‌లో సార్?" అని అడగడానికి మొహమాటపడకు.

మన భారజల రియాక్టర్లలోనూ కూలెంట్ (వేడిని మోసుకెళ్లే ద్రవం) ఆవిరైతే రియాక్టివిటీ, అంటే పవర్ పెరిగే మొగ్గు, పెరుగుతుంది. దాన్ని ఆపేవి ఏవి, ఎంత వేగంగా ఆపుతాయి అన్నది మొదటి వారంలోనే తెలుసుకో.

కంప్యూటర్ జోలికి వెళ్లే ముందు జీనాన్ గ్రాఫ్ చేత్తో గీయి. అయోడిన్-135 క్షీణించి జీనాన్-135 అవుతుంది. అయోడిన్-135 అర్ధజీవితం 6.6 గంటలు, జీనాన్-135ది 9.1 గంటలు. ఫుల్ పవర్ నుంచి ఆపేస్తే జీనాన్ శిఖరం పది గంటల ప్రాంతంలో రావాలి. రాకపోతే లెక్క మళ్లీ ఒకసారి చూసుకో. గీసింది ఫొటో తీసి పంపు, దిద్ది పెడతాను.

పెదనాన్న