మన సాఫ్ట్‌వేర్ కంపెనీలకు అసలు పోటీ ఎవరితో?

దివిటిపల్లిలో ఐటీ టవర్, నల్లగొండలో ఐటీ హబ్ వచ్చాయి సరే, టీసీఎస్, ఇన్ఫోసిస్ లాంటివి ఇకముందు నిలబడతాయా అని మహబూబ్‌నగర్ బీటెక్ విద్యార్థి ఒకరు అడిగారు.

నిలబడతాయి, కానీ పాత పద్ధతిలో కాదు. యాక్సెంచర్, కాగ్నిజెంట్‌లతో పోటీ ఎప్పటినుంచో ఉన్నదే. ఇప్పుడు కస్టమరే పోటీదారు అయ్యాడు. అమెరికా బ్యాంకులు, మందుల కంపెనీలు హైదరాబాద్‌లో సొంత సెంటర్లు పెట్టుకుని, బయటికి ఇచ్చే పనిలో కొంత తామే చేసుకుంటున్నాయి. అనుభవం ఉన్నవాళ్లనూ లాక్కుంటున్నాయి.

నన్ను ఎక్కువ కలవరపెట్టేది మాత్రం ఏఐ. ఇన్నాళ్లూ బిల్లు చాలావరకు మనుషుల లెక్కనే వేశారు. పదిమంది పని ఆరుగురితో అయిపోతే కస్టమర్ రేటు తగ్గించమంటాడు. 2025లో టీసీఎస్ సుమారు 2 శాతం ఉద్యోగులను తగ్గిస్తామని ప్రకటించింది. ఏఐ ఒక్కటే కాదు, అదే ఏడాది అమెరికా కొత్త హెచ్‌-1బీ (అక్కడ ఉద్యోగం చేయడానికిచ్చే వీసా) దరఖాస్తులకు లక్ష డాలర్ల ఫీజు పెట్టడంతో మనవాళ్లను అక్కడికి పంపడమూ భారమైంది.

మన కంపెనీల బలమూ తక్కువేం కాదు. విదేశీ బ్యాంకుల, ఇన్సూరెన్స్ కంపెనీల పాత సిస్టమ్‌ల లోగుట్టు వీళ్లకే బాగా తెలుసు. ఏళ్లుగా నడిపిస్తున్నవాళ్లను మార్చాలంటే ఏ బ్యాంకుకైనా టెన్షనే. అందుకే కోడింగ్‌తో పాటు బ్యాంకింగ్ లాంటి ఒక రంగం పని తీరు కూడా ఇప్పుడే నేర్చుకోండి.