సినిమా వచ్చిన ఏడాదిని కూడా చూడు

తమ్ముడూ,

నక్సలైట్ సినిమాల మీద నీ వ్యాసం చదివాను. వచ్చినవన్నీ వరసపెట్టి, ఒక్కోదానికీ 'వాస్తవానికి దగ్గర', 'వాస్తవానికి దూరం' అని మార్కులు వేసుకుంటూ పోయావు. పడ్డ కష్టం కనిపిస్తూనే ఉంది. కానీ ఆ ఒక్క కొలతతో చూస్తే ఇలాంటి సినిమాలో సగమే దొరుకుతుంది. కథ జరిగిన కాలం ఒకటి, సినిమా తీసిన కాలం ఇంకొకటి. ఈ రెండింటి నడుమ ఏం జరిగిందో ముందు కాగితం మీద పెట్టుకో.

'మాభూమి'కి నువ్వు మూడే వాక్యాలు ఇచ్చావు, అన్యాయం. దాని కథ తెలంగాణ సాయుధ పోరాటానిది. 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య దొరసాని మనుషుల తుపాకీకి బలయ్యాక రాజుకున్న పోరాటం అది. 1951 అక్టోబరులో కమ్యూనిస్టు పార్టీ దాన్ని విరమించింది. సినిమా మాత్రం 1979 నాటిది. ఈలోపు శ్రీకాకుళం గిరిజన పోరాటం లేచి అణగిపోయింది, దాని నాయకులు వెంపటాపు సత్యం, ఆదిభట్ల కైలాసం 1970లో ఎన్‌కౌంటర్‌లో పోయారు. ఎమర్జెన్సీ వచ్చి వెళ్లింది. 1978లో జగిత్యాల, సిరిసిల్ల పల్లెల్లో రైతుకూలీలు మళ్లీ దొరలకు ఎదురు తిరిగారు. అప్పుడు హాల్లో కూర్చుని తెర మీద గడీని చూసినవాడికి అది తాతల నాటి కథ అనిపించి ఉంటుందా? 'బండెనక బండి కట్టి' పాట నిజాం రోజుల్లో బండి యాదగిరి కట్టింది, తెర మీద పాడింది గద్దర్. ఒక్క పాటలో రెండు తరాల పోరాటాలు కలిశాయి. నీ వ్యాసాన్ని నేనైతే అక్కడే మొదలుపెడతాను. ఇంకోమాట. 1948 సెప్టెంబరులో నిజాం లొంగిపోవడంతో శుభం కార్డు వేసేయకుండా, భారత సైన్యం వచ్చాక పల్లెలో ఏమైందో కూడా చూపారు. అది తీసినవాళ్ల రాజకీయం. దాన్ని మెచ్చుకున్నా, విమర్శించినా సరే, గుర్తించకుండా మాత్రం వదలకు.

తెర మీద లేనివాళ్లను కూడా వెతకాలి. ఆ పోరాటంలో పనిచేసిన ఆడవాళ్లు తమ నోటితో చెప్పిన సంగతులు 1986లో స్త్రీశక్తి సంఘటన అనే మహిళల బృందం 'మనకు తెలియని మన చరిత్ర'గా తెచ్చింది. పోరాటం ఆగాక ఇళ్లకు వెళ్లిపొమ్మంటే వాళ్లకు ఎలా ఉండిందో అందులో చదివి, ఆ తర్వాత సినిమా ఇంకోసారి చూడు.

'విరాటపర్వం' దగ్గర నీతో నాకు పేచీ ఉంది. 'ప్రేమకథ పెట్టి పాడుచేశారు' అని ఒక్క మాటతో కొట్టేశావు. 1992లో పోలీసు ఇన్ఫార్మర్ అన్న అనుమానంతో నక్సలైట్ పార్టీయే చంపిన అమ్మాయి ఉదంతం దానికి ఆధారం. అది తెర మీదికి రావడానికి 30 ఏళ్లు పట్టింది. అప్పటికి తెలంగాణ పల్లెల్లో దళాల సంచారం దాదాపు లేదు. నన్నడిగితే ఆ ప్రేమకథ లేకపోతే పార్టీ చేసిన తప్పు గురించి పెద్ద హీరోతో సినిమా వచ్చేదే కాదు. నా ఫిర్యాదు వేరు. అదే అనుమానంతో చనిపోయిన మామూలు పల్లెజనం ఎందరో ఉన్నారు, వాళ్ల ఇళ్లలోకి కెమెరా వెళ్లలేదు.

'అచ్చం డాక్యుమెంటరీలా ఉంది' అనే మెచ్చుకోలు కూడా తీసెయ్. ఫ్రాన్స్ మీద అల్జీరియా స్వాతంత్ర్య పోరాటం గురించి 1966లో వచ్చిన 'ద బ్యాటిల్ ఆఫ్ అల్జీర్స్' న్యూస్‌రీల్‌లా, అంటే అసలు వార్తల ఫిల్మ్‌లా, కనిపిస్తుంది, అందులో న్యూస్‌రీల్ ముక్క ఒక్కటీ లేదు. పైగా ఆ పోరాట నాయకుల్లో ఒకడైన సాదీ యాసెఫ్ దాని నిర్మాతల్లో ఉన్నాడు, తనలాంటి పాత్రే తాను వేశాడు. సినిమా గొప్పదే, కానీ డబ్బు ఎవరిదో, చెప్పింది ఎవరో రాయకుండా 'ఇదే చరిత్ర' అనకూడదు.

ఇక ఆ జాబితా పక్కన పడేసి రెండు సినిమాలే ఉంచుకో. అవి విడుదలైన వారాల పాత పేపర్లు లైబ్రరీలో తిరగెయ్, సినిమా పేజీ ఒక్కటే కాదు, జిల్లా వార్తలు కూడా. అప్పట్లో హాల్లో చూసినవాళ్లు మీ ఊళ్లోనే ఉంటారు, వెళ్లి అడుగు. చనిపోయినవాళ్ల కుటుంబాల సంగతి రాయాల్సి వస్తే ముందు వాళ్లతో మాట్లాడు, వద్దంటే పేరు రాయకు. ఆ తర్వాత రాసింది నాకు పంపు, టైపు చేయలేకపోతే చేత్తో రాసిందైనా పర్లేదు.

మీ అన్న