టూరిస్టు వీసా మీద వెళ్ళిన అమ్మ అక్కడ డాలర్లు సంపాదిస్తే పన్ను కట్టాలా?

మీరు అడిగింది నాకు అర్థమైనంతవరకు ఇది. అమ్మగారు బీ2 వీసా మీద డల్లాస్‌లో మీ అన్న దగ్గరికి వెళ్ళి 2024లో ఐదు నెలలు ఉన్నారు. చుట్టుపక్కల తెలుగువాళ్ళ పిల్లల్ని చూసుకున్నారు, పండగలకు అరిసెలు, మురుకులు చేసిచ్చారు. అంతా కలిపి దాదాపు 4,000 డాలర్లు వచ్చాయి. ఇప్పుడు చిత్తూరుకి వచ్చేశాక అమెరికాలో పన్ను కట్టాలా, కడితే కోరి దొరికిపోయినట్టు అవుతుందా అని మీ భయం.

కట్టాలి. మాది తిరుపతి. మా అత్త న్యూజెర్సీలో కూతురి దగ్గరున్నప్పుడు ఆవకాయ, గోంగూర పచ్చళ్ళు పెట్టి అమ్మింది. ఆ కాగితాల పని మొత్తం నా నెత్తినే పడింది కాబట్టి తెలిసినంత చెప్తాను.

ముందు ఒక సంగతి. పని చేసే అనుమతి ఉందా లేదా అని అక్కడి పన్ను శాఖ ఐఆర్‌ఎస్ చూడదు. అమెరికా నేల మీద చేసిన పనికి వచ్చిన డబ్బు అమెరికా ఆదాయమే. ‘జెల్‌లో (అక్కడి బ్యాంకుల్లో డబ్బు పంపుకునే పద్ధతి) పంపేటప్పుడు గిఫ్ట్ అని రాశారు కదా’ అని మా మరదలు కూడా వాదించింది. పనికి ఇచ్చిన డబ్బు గిఫ్ట్ అని రాసినంత మాత్రాన గిఫ్ట్ అయిపోదు.

తర్వాత అమ్మగారు అక్కడ ఎన్ని రోజులున్నారో లెక్క వేయండి. ఏటా వెళ్ళొచ్చే తల్లిదండ్రులు ఇక్కడే పొరబడతారు. ఆ ఏడాది రోజులు పూర్తిగా, ముందు ఏడాదివి మూడో వంతు, అంతకు ముందువి ఆరో వంతు కలపాలి. మొత్తం 183కి చేరితే పన్ను లెక్కలో ఆమె అమెరికా నివాసి అవుతుంది. ఉదాహరణకు ఈసారి 150 రోజులు, పోయినేడు 120 రోజులు ఉంటే 150కి 40 కలిసి 190. వీసాలో ఆరు నెలలు దాటలేదు కదా అనుకుంటే సరిపోదు. నివాసి అయితే ఇక్కడి పెన్షన్, ఇంటి అద్దె, బ్యాంకు డిపాజిట్ల వడ్డీ కూడా అక్కడ చూపించాలి. సొంతంగా చేసిన పనికి ఇంకో 15.3 శాతం పన్ను కూడా పడుతుంది. దీనికి విరుగుడు 8840 అనే ఫారం. ఆ ఒక్క ఏడాదిలో 183 రోజుల కంటే తక్కువ ఉండి, ఇల్లూ వాకిలీ, సంసారం అంతా ఇండియాలోనే అని చూపిస్తే నాన్‌రెసిడెంట్‌గా, అంటే పన్ను లెక్కలో అక్కడి నివాసి కాకుండా ఉండొచ్చు. అయితే దాన్ని గడువులోపల వెయ్యాలి. అమ్మగారు మొదటిసారి వెళ్ళి ఐదు నెలలే ఉంటే ఈ గొడవే లేదు.

నాన్‌రెసిడెంట్ వేసే ఫారం 1040-ఎన్‌ఆర్. అరిసెలు, మురుకులు సొంత పని కింద వస్తాయి కాబట్టి దానికి షెడ్యూల్ సీ జత చెయ్యాలి. బియ్యప్పిండి, బెల్లం, నెయ్యి ఖర్చు అందులో తీసెయ్యొచ్చు. వేరేవాళ్ళింట్లో వాళ్ళు చెప్పిన టైముకి వెళ్ళి పిల్లల్ని చూసుకుంటే అది జీతం కిందకి రావచ్చు. ఆ తేడా అక్కడి పన్నుల మనిషితో తేల్చుకోండి. అందరికీ ఆదాయంలోంచి ముందే తీసేసే మొత్తం, అంటే స్టాండర్డ్ డిడక్షన్, నాన్‌రెసిడెంట్‌కి లేదు. మన దేశపు విద్యార్థులకు పన్ను ఒప్పందంలో ఆ వెసులుబాటు ఉంది కానీ టూరిస్టులకు లేదు. అందుకే తక్కువ వచ్చింది కదా, పన్ను ఉండదు అనుకోకండి. 2024 ఆదాయంలో మొదటి 11,600 డాలర్ల దాకా 10 శాతం. ఖర్చులు పోను 3,500 మిగిలితే పన్ను 350 డాలర్లు. మీ అన్న టెన్షన్ పడేంత మొత్తమేం కాదిది. టెక్సాస్‌లో రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు కాబట్టి అది కూడా తప్పింది.

జీతంలో పన్ను కోత లేనివాళ్ళకి గడువు మరుసటి ఏడాది జూన్ 15. దాటితే దాఖలు చెయ్యనందుకు మామూలుగా నెలకు 5 శాతం చొప్పున 25 శాతం దాకా జరిమానా (60 రోజులు దాటితే ఇంత చిన్న పన్నుకి పన్నంత జరిమానా పడొచ్చు), పైగా వడ్డీ. వడ్డీకాసులవాడి పాదాల దగ్గరుండే మనకు వడ్డీ గురించి వేరే చెప్పాలా! అసలు దాఖలే చెయ్యకపోతే ఆ ఏడాదికి కాలపరిమితి మొదలవదు. ఎన్నేళ్ళ తర్వాతైనా అడగొచ్చు.

అమ్మగారికి సోషల్ సెక్యూరిటీ నంబరు ఉండదు కాబట్టి దాని బదులు ఐటిన్ అనే పన్ను నంబరు కావాలి. డబ్ల్యూ-7 ఫారం నింపి రిటర్న్‌తో కలిపి టెక్సాస్‌లోని ఆస్టిన్‌కి పంపాలి. మనవాళ్ళు నోటరీ చేయించిన పాస్‌పోర్టు జిరాక్స్ పెడతారు. దాన్ని తీసుకోరు. ఒరిజినల్ పంపాలి, లేదా పాస్‌పోర్టు ఇచ్చినవాళ్ళే ధృవీకరించిన కాపీ పంపాలి. ఒరిజినల్‌ని నెలల తరబడి వదిలెయ్యడానికి మాకు మనసు ఒప్పలేదు. ఐఆర్‌ఎస్ గుర్తించిన ఏజెంట్లు ఇండియాలోనూ ఉన్నారు. వాళ్ళు పాస్‌పోర్టు చూసి ధృవీకరించి తిరిగి చేతికిస్తారు. సప్తగిరి ఎక్స్‌ప్రెస్‌లో చెన్నై వెళ్ళి ఆ పని చేయించుకున్నాం. ఐటిన్ పన్నుకు మాత్రమే. దానితో పని చేసే అనుమతి రాదు. మీ అన్న దగ్గర ఎవరైనా ‘ఫలానావాళ్ళ నంబరు వాడేద్దాం’ అంటే ఆ మాట అక్కడే తుంచెయ్యండి, అది పెద్ద నేరం.

దొరికిపోతామా అన్నది రెండో ప్రశ్న. పన్ను వివరాలు గోప్యంగా ఉంచాలని అక్కడి చట్టంలో 6103 సెక్షన్ చెప్తుంది. కానీ 2025 ఏప్రిల్‌లో కొందరి వివరాలు వలస అధికారులకు ఇచ్చేలా ఐఆర్‌ఎస్ ఒప్పందం చేసుకుంది, దాని మీద కోర్టుల్లో కేసులు నడిచాయి. కాబట్టి పూర్తి భరోసా అని నేను చెప్పను. డబ్ల్యూ-7లో వీసా వివరాలు కూడా అడుగుతారు. అయినా నా దృష్టిలో అసలు ప్రమాదం ఈ రిటర్న్‌లో లేదు, తర్వాత వీసాకి వేసే డీఎస్-160 అనే దరఖాస్తు ఫారంలో ఉంది.

వీసా షరతులు ఎప్పుడైనా ఉల్లంఘించారా అని అందులో సూటిగా అడుగుతారు. పన్ను కట్టినంత మాత్రాన ఆ ఉల్లంఘన చెరిగిపోదు. మా ఊళ్ళో ఒక కన్సల్టెన్సీ అతను ‘నో అని కొట్టెయ్యండి సార్, ఎవరు చూస్తారు’ అన్నాడు. ఇలాంటి సలహా వినకండి. అనుమతి లేకుండా పని చేసినందుకు టూరిస్టు వీసా రాకపోవచ్చు. అబద్ధం చెప్పారని తేలితే మాత్రం జీవితకాల నిషేధం. గ్రీన్‌కార్డు విషయంలో ఆ నిషేధం నుంచి మినహాయింపు కావాలంటే భర్తో, తల్లో, తండ్రో అమెరికా పౌరులై గానీ, గ్రీన్‌కార్డు ఉండి గానీ ఉండాలి. కొడుకు పౌరుడైనా లెక్కలోకి రాడు! అంటే రేపు మీ అన్న పౌరసత్వం తెచ్చుకుని అమ్మగారికి గ్రీన్‌కార్డు పెట్టినా ఈ ఒక్క ‘నో’ అడ్డం పడుతుంది. అదే నిజం చెప్పి ఉంటే, పని చేసిన ఒక్క కారణంతో ఆ దారి మూసుకుపోదు. మేం ‘యస్’ అని పెట్టి వివరం రాశాం, కట్టిన పన్ను కాగితాలు జత చేసుకుని వెళ్ళాం. మా అత్తకి ఆసారి వీసా రాలేదు. ‘పోతే పోనీలేబ్బా, మనవళ్ళే వస్తార్లే’ అంది. మీరు మాత్రం ఆ ఫారం నింపేముందు అక్కడి ఇమిగ్రేషన్ లాయరుకి ఒకసారి ఫీజు కట్టి మాట్లాడండి.

ఇక ఇక్కడి సంగతి. ఐదు నెలలే బయట ఉన్నారు కాబట్టి అమ్మగారు ఇండియాలో రెసిడెంటే. ఆ డాలర్లు ఇక్కడి రిటర్న్‌లోనూ చూపించాలి. విదేశీ ఆదాయం ఉంటే ఐటీఆర్-1 అనే మామూలు రిటర్న్ ఫారం పనికిరాదు. అక్కడ కట్టిన పన్నుకి ఇక్కడ తగ్గింపు కావాలంటే ఫారం 67 వెయ్యాలి. వాళ్ళ లెక్క జనవరి నుంచి డిసెంబరు, మనది ఏప్రిల్ నుంచి మార్చి. అమ్మగారు జనవరిలో వెళ్ళి జూన్‌లో వచ్చి ఉంటే ఆ సంపాదన మనకు రెండు ఆర్థిక సంవత్సరాల్లో పడుతుంది. ఏ నెలలో ఎంత వచ్చిందో విడదీసి రాసుకోండి. జెల్‌లో వచ్చినవి మీ అన్న బ్యాంకు స్టేట్‌మెంట్‌లో దొరుకుతాయి. చేతికిచ్చిన క్యాష్ మాత్రం అమ్మగారికి గుర్తున్నప్పుడే ఇంటింటికీ తేదీలతో రాయించి పెట్టుకోండి. మీ ఆడిటర్ మొదట అడిగేది ఆ కాగితమే.