నాయన చెవి మిషన్ ఎక్కడ కొనాలి?

ప్రశ్న: అన్నా, మా అమ్మానాయన నవంబర్‌లో తిరుపతి నుంచి డాలస్ వస్తున్నారు. నాయనకు చెవులు సరిగా వినపడవు. మిషన్ అక్కడే కొనిపించాలా, ఇక్కడికొచ్చాక కొందామా?

జవాబు: అక్కడే కొనిపించు తమ్ముడూ, ఈ నెలలోనే. కళ్ళజోడు పెట్టుకోగానే అక్షరాలు కనిపిస్తాయి గానీ, చెవి మిషన్ అలా కాదు. మొదటి వారం గిన్నె పడినా, ఫ్యాను తిరిగినా చెవిలో రొదగా ఉంటుంది. సౌండు సరిచేయించుకోవడానికి రెండు మూడుసార్లు తిరగాలి. తిరుపతిలో అయితే ఆటో ఎక్కి తానే పోతాడు, 'ఈ చెవిలో కుయ్యిమంటాండాది' అని తన మాటల్లోనే చెప్పుకుంటాడు. చిత్తూరు వాళ్ళకు ఎటూ వేలూరు ఆసుపత్రి ఉంది. ఇక్కడైతే ఆ కుయ్యిని ఇంగ్లిష్‌లో చెప్పడానికి నువ్వు లీవు పెట్టాలి. పైగా విజిటర్ ఇన్సూరెన్స్‌లు మామూలుగా చెవి మిషన్‌కు డబ్బులివ్వవు.

2022 అక్టోబర్ నుంచి ఇక్కడ చెవి పరీక్ష, చీటీ లేకుండానే షాపుల్లో మిషన్లు అమ్ముతున్నారు. అవి కొద్దిగా, మధ్యస్థంగా వినికిడి తగ్గిన పెద్దవాళ్ళకే. ఫోన్ సౌండు మొత్తం పెంచినా మాట అందని మనిషికి అవి కొని డబ్బు పోగొట్టుకోవద్దు. అక్కడ మిషన్ ఇచ్చేముందు ఎలాగూ ఆడియోగ్రామ్ (ఏ చెవికి ఎంత వినపడుతుందో చూపే పరీక్ష కాగితం) తీస్తారు, దాన్ని ఫోటో తీసి పంపమను.

అసలు చిక్కు మిషన్ తీసినప్పుడు. మా నాయన వచ్చిన మొదటి జనవరిలో, మధ్యాహ్నం మిషన్ తీసి డబ్బాలో పెట్టి పడుకున్నాడు. నా భార్య తాళం చెవి లోపల మరిచి, కూరగాయల సంచితో బయట నిలబడింది. బెల్లు కొట్టింది, తలుపు బాదింది, కిటికీ దగ్గరికెళ్ళి అరిచింది. నలభై నిమిషాలు ఆ చలిలోనే. లోపల ఆయన గురక ఆమెకు వినపడుతోందట! మరుసటి రోజే లైటు వెలిగే బెల్లు కొన్నాం. బయట నొక్కితే మంచం పక్క ప్లగ్గులోని డబ్బా టపటపా మెరుస్తుంది. 'ఎవురో టార్చి ఏస్తాండారు' అని లేచి వచ్చేవాడు.

పొగ అలారం కూడా అంతే. మన తిరగమోతకు కూడా మోగే అలారమే అది. కానీ దాని సన్నటి కీచు శబ్దమే వయసు మీదపడ్డ చెవికి ముందుగా అందకుండా పోతుంది. 520 హెర్ట్జ్ లోగొంతుతో మోగేవి, దిండు కింద పెడితే మంచం వణికించేవి దొరుకుతాయి. ఆయన పడుకునే గదిలో ఒకటి పెట్టు. దీని దగ్గర పిసినారితనం వద్దు.

ఈ బెల్లూ అలారాలూ ఊర్లో కొని తేవద్దు. అక్కడ కరెంటు 230 వోల్టులు, ఇక్కడ 120. చెవికి తగిలేది అక్కడ, గోడకు తగిలేది ఇక్కడ. మిషన్ ఛార్జింగుదైతే అడాప్టర్ మీద 100-240 అని ఉందో లేదో చూడు. ఉంటే పిన్ను మార్చితే చాలు. బిళ్ళ బ్యాటరీలదైతే నంబరు గుర్తుంచుకో: 312కు గోధుమరంగు స్టిక్కర్, 13కు నారింజ రంగు. ఎక్కడైనా అవే రంగులు. స్టిక్కర్ పీకాక ఒకటి రెండు నిమిషాలు గాలి తగలనిచ్చి పెట్టమను, ఆ బిళ్ళ పనిచేసేదే గాలితో.

ఫోన్‌లో లైవ్ ట్రాన్స్‌క్రైబ్ అనే యాప్ వేసిపెట్టు, తెలుగు మాటను తెలుగులోనే రాసి చూపిస్తుంది. మన యాసకు తడబడుతుంది. మా అమ్మ 'ఊరిబిండి నూరినా' అంటే అది ఏం రాసిందో ఇక్కడ చెప్పలేను. అయినా నలుగురు కూర్చున్న చోట నాయన నవ్వుల్లో కలవడానికి అదే దారి.

ఎయిర్‌పోర్టు సెక్యూరిటీలో మిషన్ తీయాల్సిన పనిలేదు. స్పేర్ బ్యాటరీలు చేతి సంచిలో పెట్టమను. గేటు మారిందన్న అనౌన్స్‌మెంటు వినపడదు కాబట్టి, ఆ సంగతి కౌంటర్‌లో ముందే చెప్పాలి.

ఇంకొకటి. బయలుదేరేముందు కొండకు పోయి తలనీలాలు ఇస్తారు గదా. కళ్యాణకట్టలో కూర్చునే ముందే మిషన్ తీసి అమ్మ చేతికి ఇవ్వమను. మా నాయన పంచె మడతలో దోపుకుని, గుండు కాగానే అలాగే పోయి పుష్కరిణిలో మునిగాడు. అందుకే ఆయన మొదటి జత అమెరికా చూడలేదు.