ఆంప్ లేని గిటారులో దోమ రొద ఎక్కడిది?

ప్రశ్న: సార్, మాది విజయనగరం కంటోన్మెంట్. డిగ్రీ ఫైనలియర్. ఆర్కెస్ట్రాలో వాయించే మావయ్య పాత స్ట్రాట్ మోడల్ గిటారు ఇచ్చాడు, నేను సెకండ్ హ్యాండ్‌లో చిన్న ఆడియో ఇంటర్‌ఫేస్ (గిటారు శబ్దాన్ని లాప్‌టాప్‌లోకి ఎక్కించే పెట్టె) కొన్నాను. ఆంప్ లేదు. జాక్ నేరుగా గుచ్చి రికార్డ్ చేస్తే క్లీన్‌గా వాయించినప్పుడు చప్పగా ఉంటోంది, డిస్టార్షన్ ప్లగిన్ (శబ్దాన్ని గరగరలాడించే సాఫ్ట్‌వేర్) పెడితే చెవిలో దోమ దూరినట్టు ఉంటోంది. ఇంకా ఖరీదైన ఇంటర్‌ఫేస్ కొనమంటున్నారు ఫ్రెండ్స్. ఏటి చెయ్యమంటారు?
— ఒక పాఠకుడు, విజయనగరం

జవాబు: ఏమీ కొనకు తమ్ముడూ. నీవి రెండు వేర్వేరు జబ్బులు, రెండింటికీ మందు నీ దగ్గరే ఉంది.

ముందు చప్పదనం సంగతి. ఇంటర్‌ఫేస్ మీద 'ఇన్‌స్ట్' అనో 'హై-జెడ్' అనో, కొన్నింటిలో చిన్న గిటారు బొమ్మతోనో ఒక బటన్ ఉంటుంది, అది నొక్కి ఉందో లేదో చూడు. గిటారు పికప్ అంటే అయస్కాంతాల చుట్టూ వేల చుట్లు చుట్టిన సన్నటి రాగి తీగ, అంతే. దాన్నుంచి వచ్చే సిగ్నల్ చాలా బలహీనం. దాన్ని నొక్కెయ్యకుండా తీసుకోవాలంటే ఇన్‌పుట్ ఇంపీడెన్స్, అంటే సిగ్నల్‌కి ఎదురయ్యే నిరోధం, సుమారు 10 లక్షల ఓమ్‌లు ఉండాలి, ఆ బటన్ చేసే పని అదే. మామూలు లైన్ ఇన్‌పుట్‌లో అది పది వేల ఓమ్‌ల దగ్గర ఉంటుంది కాబట్టి ట్రెబుల్ చచ్చిపోతుంది, లెవెల్ కూడా పడిపోతుంది, నువ్వేమో గిటారు పాతదైపోయిందనుకుంటావు. పక్కనే 48 వోల్టుల బటన్ కూడా ఉంటుంది, అది కండెన్సర్ మైక్ కోసం, నీకు దానితో పనిలేదు. కేబుల్ మూడు మీటర్లు చాలు, పొడుగయ్యేకొద్దీ ట్రెబుల్ తగ్గుతుంది. ఊళ్లో మైక్‌సెట్ వాళ్లు చక్కగా సోల్డర్ చేసి ఇస్తారు గానీ, షీల్డ్ ఉన్న వైరే వెయ్యమని గట్టిగా చెప్పు. చేతికందిందని స్పీకర్ వైరు వేసేస్తే ఊళ్లో కరెంటంతా నీ పాటలో గుయ్యిమంటుంది.

ఇక దోమ. అసలు విషయం ఇది, చాలామందికి ఎవరూ చెప్పరు. గిటారు ఆంప్‌లోని 12 అంగుళాల స్పీకర్ మన ఇంట్లో పాటలు వినే స్పీకర్ లాంటిది కాదు, 5 కిలోహెర్ట్జ్ దాటాక దాని శబ్దం బాగా పడిపోతుంది. డిస్టార్షన్ పుట్టించే గరగరంతా ఆ పైనే ఉంటుంది, స్పీకర్ దాన్ని మింగేస్తుంది కాబట్టే స్టేజీ మీద విన్నప్పుడు బొద్దుగా వినిపిస్తుంది. నీ లాప్‌టాప్‌లో డిస్టార్షన్ ఉంది, స్పీకర్ లేదు. మొత్తం గరగర తిన్నగా హెడ్‌ఫోన్‌లోకి వస్తోంది. నమ్మకం కుదరకపోతే ఇప్పుడే ప్లగిన్ తర్వాత ఒక ఈక్యూ (బేస్, ట్రెబుల్ పెంచి తగ్గించే ప్లగిన్) పెట్టి 5 కిలోహెర్ట్జ్ పైన కోసెయ్యి, సగం దోమలు అక్కడే పోతాయి.

సరైన పద్ధతి అయితే, ముందు ఆంప్ ప్లగిన్, దాని వెనక క్యాబినెట్, అంటే స్పీకర్ పెట్టె, ప్లగిన్. క్యాబినెట్ భాగంలోకి ఐఆర్ అనే చిన్న ఫైలు ఎక్కిస్తారు, అది నిజమైన స్పీకర్ పెట్టె ముందు మైక్ పెట్టి పట్టుకున్న నమూనా. 'న్యూరల్ ఆంప్ మోడలర్' అనే ఆంప్ ప్లగిన్ ఉచితంగానే దొరుకుతుంది, ఐఆర్ ఎక్కించే చోటు అందులోనే ఉంది. ఒక్క జాగ్రత్త: దానికోసం దించుకునే మోడల్స్‌లో కొన్ని ఉత్త ఆంప్ హెడ్‌వి, కొన్ని స్పీకర్, మైకుతో సహా పట్టినవి. రెండో రకానికి మళ్లీ ఐఆర్ తగిలిస్తే దుప్పటి కప్పినట్టు మందంగా అయిపోతుంది.

లెవెల్ విషయంలో పిసినారిగానే ఉండు. నువ్వు ఎంత గట్టిగా కొట్టగలవో అంత గట్టిగా కొట్టినా మీటరు -12 డెసిబెల్స్ దగ్గర ఆగేలా గెయిన్ పెట్టు. 24 బిట్‌లో రికార్డ్ చేస్తున్నప్పుడు ఎర్ర లైటు దాకా తోయాల్సిన అవసరం లేదు, ఆంప్ పగిలితే అందం గానీ ఇంటర్‌ఫేస్ పగిలితే పటపటలే. ట్రాక్‌లోకి ఎప్పుడూ పచ్చి గిటారే ఎక్కించు, ఎఫెక్టులు వినడానికి మాత్రమే ఉండనీ, రేపు నచ్చకపోతే వాయించిన దాన్ని ముట్టుకోకుండా ఆంప్ మార్చుకోవచ్చు. నేరుగా రికార్డ్ చేయడం తక్కువ పని అనే మాట కూడా పట్టించుకోకు. 1960లలో డెట్రాయిట్‌లోని మోటౌన్ స్టూడియోలో గిటారిస్టులు నేరుగా కన్సోల్‌కి తగిలించే వాయించారు.

ప్రశ్న: గిటారు తగిలించగానే గుయ్యిమని శబ్దం. తీగల మీద చెయ్యి పెడితే తగ్గుతుంది, తీస్తే మళ్లీ మొదలు. గిటారు పాడైందా?
— ఒక పాఠకురాలు, శ్రీకాకుళం

జవాబు: లేదమ్మా, తీగలు ముట్టుకుంటే తగ్గుతోందంటే గిటారు లోపలి గ్రౌండ్ వైరు బాగానే ఉందన్నమాట. మన కరెంటు 50 హెర్ట్జ్, ఒకే తీగచుట్ట ఉన్న సింగిల్ కాయిల్ పికప్ దాన్ని గాల్లోంచే పట్టేస్తుంది. ముందు లాప్‌టాప్ చార్జర్ పీకేసి బ్యాటరీ మీద విను. తగ్గితే దోషం చార్జర్‌ది, లేదా మీ ప్లగ్గు పాయింటులో ఎర్త్ లేదు. పాత ఇళ్లలో మూడు రంధ్రాలూ ఉంటాయి, మూడోదాని వెనక వైరే ఉండదు. ఎలక్ట్రీషియన్‌ని పిలిచి చూపించండి. గుయ్యి పోతుందని ఎర్త్ పిన్ను విరిచేసే వాళ్లున్నారు, ప్రాణాల మీదకి వస్తుంది, ఆ పని మాత్రం వద్దు. తర్వాత ఫ్యాన్ రెగ్యులేటర్ కట్టేసి చూడండి. ఉక్కపోతలో కష్టమే, కానీ ఒక్క టేక్ వరకే కదా! అప్పటికీ ఉంటే గిటారు పట్టుకుని కుర్చీలో మెల్లగా గుండ్రంగా తిరగండి, ఏదో ఒక వైపు బాగా తగ్గుతుంది, అటే తిరిగి వాయించండి.

ప్రశ్న: తీగ మీటాక కాసేపటికి వినిపిస్తోంది. ఇలా అయితే తాళం ఎలా?
— ఒక పాఠకుడు, రాజాం

జవాబు: విండోస్ అయితే ఇంటర్‌ఫేస్ కంపెనీ వాళ్ల ఆసియో డ్రైవర్ వేసుకుని, బఫర్ (కంప్యూటర్ ఒక్కో విడతలో తీసుకునే శబ్దం ముక్క) 128 శాంపిళ్లకి దించండి. 48 కిలోహెర్ట్జ్‌లో అది మూడు మిల్లీసెకన్ల కన్నా తక్కువే, రానూపోనూ కలిపి కొంచెం పెరుగుతుంది. ఆంప్‌కి మూడు మీటర్ల దూరంలో నిలబడ్డా శబ్దం మీ చెవికి చేరడానికి తొమ్మిది మిల్లీసెకన్లు పడుతుంది, దాని గురించి ఎవరికీ టెన్షన్ లేదు కదా. పటపటమంటే 256కి పెంచండి.

ప్రశ్న: మా అమ్మాయి వీణ నేర్చుకుంటోంది. ఇదే ఇంటర్‌ఫేస్‌కి వీణ తగిలించొచ్చా?
— ఒక తండ్రి, బొబ్బిలి

జవాబు: బొబ్బిలి నుంచి ఈ ప్రశ్న రాకపోతేనే ఆశ్చర్యపోవాలి! తగిలించొచ్చండీ, కానీ గిటారు పికప్ లాంటి అయస్కాంతం పికప్ వద్దు. అది ఉక్కు తీగల్నే పట్టుకుంటుంది, మంద్రంలో ఇత్తడి తీగ ఉంటే దాని శబ్దం దాదాపు రాదు. పలక మీద అంటించి, దాని కంపనాన్ని పట్టే పియెజో పికప్ అయితే తీగ ఏ లోహమైనా దానికి ఒకటే. దాన్ని కూడా 'ఇన్‌స్ట్' బటన్ నొక్కే వాడాలి, లేకపోతే బేస్ అంతా పోయి రేకు డబ్బాలా మోగుతుంది. మధ్యలో చిన్న ప్రీఆంప్ ఉంటే ఇంకా మంచిది. అయితే ఇల్లు నిశ్శబ్దంగా ఉండే వేళ దొరికితే మాత్రం పికప్ పక్కన పెట్టి, కుండకి అడుగు దూరంలో మంచి మైకు పెట్టండి. వీణకి పెట్టె దానితోనే ఉంది, ఇక్కడ ప్లగిన్ ఏదీ అక్కర్లేదు.