ఆ నలుపు పెయింట్ కాదండీ

ప్రశ్న: మొన్న సాలార్‌జంగ్ మ్యూజియంలో బిద్రీ సామాన్లు చూశాను. పిల్లలు గడియారం దగ్గరికి పదమని చెయ్యి పట్టుకుని లాగుతున్నా ఒక హుక్కా బుడ్డి ముందు నుంచి కదల్లేకపోయానండీ, నల్లటి గుండ్రటి బుడ్డి, దాని చుట్టూ వెండి పూల తీగలు, ఎక్కడా ఒక్క గీత తడబడలేదు. ఇంటికొచ్చాక కూడా కళ్ల ముందు అదే. ఆ నలుపు పెయింటా? వెండి అంటించారా, పోత పోశారా? కాస్త వివరంగా చెప్పరూ.

జవాబు: పెయింట్ కాదండీ, ఆ నలుపు లోహంలోంచే పుట్టింది, వెండి అంటించిందీ కాదు. బుడ్డిలో 90 శాతం పైనే జింకు ఉంటుంది, దాంట్లో కొంచెం రాగి. జింకు 420 డిగ్రీల దగ్గరే కరుగుతుంది కాబట్టి చిన్న కొలిమి చాలు, కరిగించి ఆముదం కలిపిన మట్టి అచ్చులో పోస్తారు, ఆరాక ఆకురాయితో రాసి నున్నగా చేస్తారు. ఇప్పుడు దాని మీద మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్) నీళ్లు రుద్దుతారు, అప్పటికి మాత్రం నల్లబడుతుంది, ఎందుకంటే గీసే గీత కంటికి ఆనాలి కదా. ఆ నలుపు మీద మొనదేలిన ఉలితో పూలూ తీగలూ చేత్తోనే గీసి, గీత వెంటే సన్నటి గాడి చెక్కి, వెండి తీగని అందులో పెట్టి సుత్తితో మెల్లగా కొడతారు. జిగురు లేదు, టంకం లేదు, గాడి గోడలే వెండిని పట్టుకుంటాయి. తీగతో చేస్తే తార్‌కషీ అంటారు, వెండి రేకు ముక్కలు కోసి అదిమితే తెహ్నిషాన్.

నన్ను బాగా కదిలించేది మాత్రం ఆ తర్వాత జరిగేది. వెండి అంతా కూర్చున్నాక ముందు పూసిన నలుపుని పూర్తిగా రుద్ది తీసేస్తారు, అప్పుడు జింకు బూడిద రంగు, వెండి తెలుపు, రెండూ దాదాపు కలిసిపోయి అన్నాళ్లు పడ్డ కష్టం సరిగ్గా కనిపించను కూడా కనిపించదు. ఆ స్థితిలో వస్తువుని కొంచెం వేడి చేసి, ఈ పనికి పేరిచ్చిన బీదర్ ఊరి కోటలో పాత కట్టడాల్లోంచి తెచ్చిన మట్టిలో నవాసాగరం (అమ్మోనియం క్లోరైడ్) కలిపి మరిగించిన నీళ్లతో రుద్దుతారు, కాసేపట్లో జింకు చిక్కటి నలుపుకి తిరుగుతుంది, వెండిని మాత్రం అది తాకదు! మొత్తం పని చివరి ఘడియలో ఒక్కసారిగా బయటపడుతుంది. ఎండా వానా తగలని చోటి మట్టే కావాలి, పనివాళ్లు కాస్త నాలుక మీద వేసుకుని పనికొస్తుందో లేదో చెప్పేస్తారు. రాగి కొంచెం కలపడం కూడా ఇందుకే, ఉత్త జింకు అయితే ఇంత మంచి నలుపు రాదు. ఆ కాలంలో కెమిస్ట్రీ పుస్తకం తిరగేసి చేశారా ఏమన్నా, చేతులకీ కళ్లకీ నాలుకకీ తెలిసిన విద్య అండీ ఇది, నాకైతే పూల డిజైన్ కన్నా ఇదే గొప్పగా అనిపిస్తుంది.

బహమనీ సుల్తానుల కాలం నుంచి బీదర్‌లో వస్తున్న పని ఇది. బీదర్ 1956 దాకా హైదరాబాద్ రాష్ట్రంలోనే ఉండేది, ఇప్పుడు కర్ణాటక. అక్కడి కళాకారుడు షా రషీద్ అహ్మద్ ఖాద్రీ గారికి 2023లో పద్మశ్రీ వచ్చింది, నాకు చాలా సంతోషమేసింది. వీలైతే ఈసారి బీదర్ వెళ్లి పని జరిగే చోట కాసేపు కూర్చోండి, గాజు పెట్టె వెనక చూసేదానికీ దానికీ చాలా తేడా ఉంటుంది.

ప్రశ్న: మా అమ్మమ్మ ఇచ్చిన బిద్రీ డబ్బా ఉంది, వెండి మసకబారింది, నలుపు కూడా వెలిసినట్టుంది. చింతపండుతో తోమొచ్చా?

జవాబు: అస్సలొద్దమ్మా! చింతపండు, నిమ్మకాయ, ఇత్తడి సామాన్లు తోమే పొడి, ఏదీ దగ్గరికి రానివ్వకండి, జింకుకి పులుపు పడదు, పైన నల్లటి పొర కాస్తా పోతుంది. మెత్తటి పొడి గుడ్డతో తుడిచి, రెండు చుక్కల కొబ్బరి నూనె వేలితో రాసి మళ్లీ తుడిచెయ్యండి, నలుపు చిక్కబడుతుంది. అప్పటికీ వెలిసినట్టే ఉంటే బిద్రీ పని తెలిసినవాళ్లకే ఇవ్వండి, మళ్లీ నలుపు ఎక్కిస్తారు. ఇంకోటి, చూడ్డానికి గట్టిగా ఉన్నా పోత జింకు పెళుసు, కింద పడితే పగులుతుంది, డబ్బాని అల్మారా అంచున పెట్టకండి.